రెండో శనివారం, నాలుగో శనివారం ఎటుపోతున్నాయో తెలీట్లేదు అన్న బ్యాంకు తమ్ముడికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. కడప నుంచి ట్రాన్స్‌ఫర్ మీద అమలాపురం బ్రాంచికి వచ్చి ఏడాదిన్నర, ఇంట్లో మీరు, మీ ఆవిడ, ఆరేళ్ళ పాప. శుక్రవారం రాత్రికి ఒళ్ళు హూనమైపోద్ది, శనివారం పదకొండింటికి లేస్తారు, ఫోన్ చూస్తూ మధ్యాహ్నం, ఆదివారం ఇస్త్రీ బట్టలు, కూరగాయలు, సాయంత్రం అయిదింటికే సోమవారం గుర్తొచ్చి కడుపులో తిప్పుద్ది, నెలకోసారి ఊరెళ్తే వచ్చేసరికి ఇంకా నీరసం. "గోదావరి జిల్లాలో ఉండి గోదావరి చూడలేదు సార్" అని చివర్లో రాశారే, అది చదివాక ఇంక ఉండబట్టలేదు. కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

నాదీ బ్యాంకేనండి. ముప్పై మూడేళ్ళు చేసి పోయినేడు రిటైరయ్యా, అందులో పంతొమ్మిదేళ్ళు ఇక్కడే, రాజోలు, పాలకొల్లు, ముమ్మిడివరం, మళ్ళీ రాజోలు. 2015 సెప్టెంబరు దాకా మాకు ఈ రెండో శనివారం నాలుగో శనివారం సెలవనేదే లేదు. శనివారం హాఫ్ డే అని పేరు, బయటపడేసరికి మూడున్నర. సెలవులిచ్చారని తెలిసినప్పుడు ఏదో ఊడబొడిచేద్దాం అనుకున్నా, మొదటి రెండేళ్ళూ మీలాగే దుప్పటి కప్పుకుని పడుకున్నా. కాబట్టి మీకు క్లాసు పీకే అర్హత నాకేం లేదు, తిన్న దెబ్బలు చెప్తా అంతే.

వీకెండ్ పోయేది శనివారం కాదండి, శుక్రవారం సాయంత్రమే పోద్ది. ఆ రోజు బ్రాంచి నుంచి ఎనిమిదింటికి బయటపడి, సగం పనులు బుర్రలో పెట్టుకుని ఇంటికొచ్చి, అన్నం తిని సోఫాలో పడితే ఇంక శనివారం అంతా ఆ సగం పనుల మీదే నడుస్తది. నేను చేసింది ఏంటంటే, శుక్రవారం ఆఖరి పావుగంట ఎవరొచ్చినా సరే ఒక కాగితం తీసి సోమవారం పొద్దున్న చూడాల్సినవి రాసి, ఫలానా లోన్ ఫైలు, ఫలానా పార్టీకి ఫోను, ఆడిట్‌వాళ్ళడిగిన స్టేట్‌మెంటు, ఆ కాగితం డ్రాయర్లో పెట్టి తాళం వేసి రావడం. ఫోన్లో రాసుకోవద్దు, ఫోన్లో రాస్తే ఆ కాగితం మీతోపాటు ఇంటికొచ్చేసినట్టే. ఇస్త్రీ కూడా శుక్రవారమే బయట ఇచ్చేయండి. డబ్బులు మిగుల్తాయని ఆదివారం రెండు గంటలు ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడ్డం కంటే దండగ ఇంకోటి లేదు.

ఇంక ఏటీఎంలో క్యాష్ అయిపోయింది సార్ అని వచ్చే ఫోన్లు, తాళాలు మీ దగ్గరుంటే ఆ గొడవ నాకు తెలుసు. హెడ్‌క్వార్టర్ వదలాలంటే పర్మిషన్, అది వేరే తలనొప్పి. అందుకే నేను చెప్పేవన్నీ సగం రోజు ప్లాన్లే. డెల్టాలో ఉన్న అదృష్టం ఏంటంటే ఇక్కడ దేనికీ రెండ్రోజులు అక్కర్లేదు, తెల్లారి బయల్దేరితే భోజనం వేళకి ఇంట్లో ఉంటాం.

తెల్లారి అన్నాను కదా, అదే ముఖ్యం. మీ సీమలో ఎండ ఎండలా ఉంటది, నీడలోకెళ్తే పోద్ది. ఇక్కడ తొమ్మిదిన్నర దాటితే ఉక్క, నీడలో కూడా చొక్కా తడిసిపోద్ది, పిల్లలు ఏడుపు, మనకి చిరాకు, ఇంకెప్పుడూ రాకూడదు అనుకుంటూ వెనక్కొస్తాం. రెండు రోజుల్లో ఒక్కరోజు అయిదింటికి లేవండి, ఒకే ఒక్కరోజు. ఆ నిద్ర ఏదో మధ్యాహ్నం భోంచేసి ఫ్యాన్ కింద పడుకుంటే వడ్డీతో సహా వస్తది.

రెండోది, ఒకసారికి ఒక్కటే చోటు. ఇది నేను బాగా డబ్బులు తగలేసి నేర్చుకున్నా. ఒక కార్తీకమాసంలో మా అమ్మని కార్లో ఎక్కించి పంచారామాలు ఒకే రోజు చూపించేస్తా అని బయల్దేరా. ఆర్టీసీ వాళ్ళు స్పెషల్ బస్సులేసి తిప్పుతారుగా, వాళ్ళకి అయ్యింది మనకెందుకవ్వదు అని. పాలకొల్లు, భీమవరం, ద్రాక్షారామం, సామర్లకోట ఈ నాలుగూ మన చుట్టూనే, అమరావతి ఒక్కటే కృష్ణ ఒడ్డున. అమరావతి సంగతి మధ్యలోనే వదిలేశాం, నాలుగు చూసి రాత్రి ఇంటికొచ్చాక అమ్మని ఎలా ఉందమ్మా అంటే "ఏ గుళ్ళో ఏం చూశానో గుర్తులేదురా, చెప్పులు ఎక్కడ వదిలానో అదే బెంగ" అంది. నాకు గుర్తున్నది పార్కింగ్ ఒక్కటే.

తర్వాత ద్రాక్షారామం ఒక్కటే మామూలు ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక బ్రిడ్జి ఎక్కి యానాం దాటి వెళ్ళిపోవడమే. అక్కడ లింగం రెండంతస్తులెత్తు, కింద పాదభాగం చూసి మెట్లెక్కి పైకెళ్తే పైభాగం కనపడుద్ది, జనం ఉన్న రోజు తోసేస్తారు, లేని రోజు మెట్ల మీద నిలబడొచ్చు. గోడల నిండా, స్తంభాల నిండా పాత శాసనాలు, అమ్మ వాటి మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం ఇది మనదే, ఇది మనది కాదు అని గంటసేపు చూసింది. భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి మసక రంగులోకి మారుద్దని చెప్తారు, అది పౌర్ణమి దగ్గర్లో ఓ వారం, అమావాస్య దగ్గర్లో ఓ వారం వెళ్ళి మీ పాపనే తేడా చెప్పమనండి. రెండు వీకెండ్లు అయిపోయాయి చూశారా, పెట్రోలు ఖర్చు తప్ప ఏం లేదు.

ఇక్కడ ఏ నెలలో ఏది అనేది మాత్రం తెలుసుకోవాలండి, బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ దెబ్బతినేది అక్కడే. జులై, ఆగస్టు వచ్చిందంటే ఎర్రనీరు, అదే వరద నీరు, దిగుద్ది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఈ మూడు నంబర్లూ ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు. మొదటిది వచ్చిందంటే పడవల మాట మర్చిపోండి, పాపికొండలు అస్సలొద్దు, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది వరద నీటిలోనే. ఆ రోజుల్లో బ్యారేజీ మీద నిలబడి నీళ్ళు చూడ్డం మాత్రం ఒకసారి చూడాల్సిందే. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట పాతది, ఇప్పుడు మనం ఎక్కేది 1982లో అయిన బ్యారేజీ, ధవళేశ్వరంలో ఆయన పేరు మీద మ్యూజియం కూడా ఉంది, పిల్లలకి బాగుంటది. కానీ వరద చూడ్డానికని నది మధ్యలో ఉండే లంక గ్రామాల వైపు వెళ్ళి ఫొటోలు తీయకండి, అక్కడ వాళ్ళు గొడ్లని గట్టెక్కించుకుంటా ఉంటారు, మన మొహాలు చూసే ఓపిక వాళ్ళకుండదు.

అదే సీజన్లో పులస చేప. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటా వస్తది, అందుకే ఆ రుచి. పుస్తెలమ్మైనా తినాలి అనే సామెత మీరు వినే ఉంటారు, ఆ సామెత చెప్పి అమ్మేవాడి దగ్గర మాత్రం కొనకండి, సముద్రంలో పట్టిన విలస తెచ్చి పులస అని అంటగట్టేది వాళ్ళే. బ్రాంచిలో పాత అటెండర్ ఎవరైనా ఉంటే వాళ్ళని అడగండి, నలుగురూ కలిసి ఒక చేప వాటాలేసుకోండి. మరుసటి రోజు తింటేనే దాని సంగతి తెలుస్తది, అదీ ఆదివారం వండి సోమవారం క్యారేజీలో పట్టుకెళ్తే సోమవారం కూడా కొంచెం బాగుపడుద్ది.

చలికాలం అసలైన సీజన్. మంచు పట్టిన కాలవ గట్లు, మీరు ఎక్కడికీ వెళ్ళకపోయినా పర్లేదు, ఏ రోడ్డెక్కినా బాగుంటది. దూరం వెళ్ళాలంటే కొల్లేరు, భీమవరం ఆకివీడు దాటి కైకలూరు పక్కన ఆటపాక, పెలికాన్లు వందల్లో చెట్ల మీద కూర్చుని ఉంటాయి. ఇది ఒక్కటీ సగం రోజులో అవ్వదు, శనివారం పెట్టుకోండి, ఆదివారం రెస్టు. ఇటు కాకినాడ వైపు కోరంగి, మడ అడవుల మధ్యలో చెక్కల దారి వేశారు, నడుచుకుంటా వెళ్ళొచ్చు. చాలామంది వెళ్ళొచ్చి ఏముందండీ చెట్లే కదా అంటారు, వాళ్ళు పోటు మీద, అంటే నీరు ఎక్కి ఉన్నప్పుడు, వెళ్ళుంటారు. ఆటు సమయానికి వెళ్ళాలి, నీరు తీసేసిందంటే వేళ్ళన్నీ బయటపడి, బురదలో ఎర్ర పీతలు, గెంతులేసే చిన్న చిన్న చేపలు, మీ పాప అక్కణ్ణుంచి రానంటది. ఆటుపోట్ల టైములు ఫోన్లో దొరుకుతాయి, ఫోన్ వల్ల వీకెండ్‌కి జరిగే మంచి పని అదొక్కటే.

శనివారాల్లో మాత్రం రావులపాలెం, ఆత్రేయపురం వైపు వెళ్ళేముందు ఆలోచించుకోండి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళతో రోడ్డంతా నిండిపోద్ది. దర్శనానికి వెళ్తే సరే, లొల్ల లాకులు చూసి పూతరేకులు కొనుక్కుందాం అంటే ఆదివారం వెళ్ళండి. పూతరేకులు చేసే ఇల్లు ఏదైనా దొరికితే లోపలికి రానిస్తారా అని అడగండి, బోర్లించిన వేడి కుండ మీద పల్చటి బియ్యప్పిండిలో తడిపిన గుడ్డ ఇలా లాగితే రేకు అలా లేవడం కళ్ళతో చూడాలి, ప్యాకెట్లో కొన్నది తిన్నట్టు కాదు.

వేసవిలో కాలవలు కట్టేస్తారు, ఊరంతా కళ తప్పినట్టుంటది, అప్పుడు సాయంత్రాలు సముద్రానికి. అంతర్వేది అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు చూడండి, నీళ్ళలో దిగకండి, అక్కడ లాగుడు ఎక్కువ. దారిలో బోడసకుర్రు బ్రిడ్జి దిగగానే పాసర్లపూడి, 1995లో గ్యాస్ బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది ఆ చుట్టుపక్కలే, రాత్రిళ్ళు మా ఇంటి దాకా వెలుగొచ్చేది, మీ బ్రాంచిలో యాభై దాటిన ఎవర్నడిగినా గంట చెప్తారు.

అంతర్వేది నుంచి వచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవు తగులుద్ది, నది దాటించే పంటు, అదే బల్లకట్టు లాంటి పడవ, ఎక్కేది అక్కడే. దీని గురించి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు ఇరిగేషన్లో లస్కరు, లాకులెత్తడం దించడం, గట్టు చూసుకోవడం, జీవితమంతా నీళ్ళ పక్కనే. నేను రాజోల్లో ఉన్నప్పుడు మా దగ్గరే ఉండేవారు. ప్రతి ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతా "ఒరేయ్, పంటెక్కి నరసాపురం వెళ్ళొద్దాం రా" అనేవారు. వచ్చేవారం నాన్నా, ఇన్‌స్పెక్షన్ ఉంది నాన్నా, పది నెలలు అలాగే. ఒక ఆదివారం రాత్రి నుంచి కరెంటు లేదు, ఇన్వర్టర్ అయిపోయింది, ఫోన్ చచ్చిపోయింది, చేసేదేంలేక పదండి నాన్నా అన్నా. పంటు మీద బైకులు, ఓ కారు, కొబ్బరికాయల లోడు, మధ్యలో మేమిద్దరం. నది మధ్యకొచ్చాక ఆయన నీళ్ళ వైపు చూసి "పోటెక్కుతోంది రా, చూడు, నీళ్ళు ఎగువకెళ్తున్నాయి" అన్నారు. చూస్తే నిజంగానే గుర్రపుడెక్క వెనక్కి పోతోంది. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన నాకు నరసాపురం దగ్గర గోదావరి రోజూ వెనక్కి నడుస్తదని నలభై ఆరేళ్ళొచ్చేదాకా తెలీదు. అవతల దిగి టిఫిన్ తిని, ఆయనకి తెలిసిన పాత స్నేహితుడు రేవులో కనపడితే ఓ పావుగంట మాట్లాడి, పదకొండింటికి ఇంట్లో ఉన్నాం. ఆ తర్వాత ఆరేడుసార్లు వెళ్ళాం, ఆపైన ఆయన మోకాళ్ళు ఒప్పుకోలేదు.

మీరు కూడా కారు ఇవతలే పెట్టి మనుషులే ఎక్కండి. నరసాపురం నుంచి బస్సులో పాలకొల్లు వెళ్తే దిబ్బరొట్టి, పానకం. బస్సులో కిటికీ పక్కన పాపని కూర్చోబెట్టి మీరు ఊరికే కూర్చోండి, డ్రైవింగ్ చేసేవాడికి వీకెండ్ ఉండదు.

ఫంక్షన్ల సంగతి ఒకటుంది, ఏడాదిన్నరలో మీకు ఈపాటికే అర్థమయ్యుంటది. గోదావరి జిల్లాలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీలు, పంచెలు, కస్టమర్లంతా కార్డు పట్టుకుని వచ్చి "మీరు రాకపోతే ఎలాగండీ" అంటారు, ఆ పిలుపు నిజమే, కానీ అన్నిటికీ వెళ్తే ఇంక ఆదివారాలుండవు. మూడింట్లో ఒకటి వెళ్ళండి, మిగతావాళ్ళకి ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి, ఏమనుకోరు. వెళ్ళినదానికి మాత్రం భోజనం హడావిడిగా తినకండి, పనసపొట్టు కూర వేసిన పెళ్ళిలో అరగంటలో లేచొస్తే అది వాళ్ళకి అవమానం, మీకు నష్టం.

ఇంకో మాట, కోప్పడకండి. మీ ప్రశ్నలో "ఆదివారం ఇంట్లో బిర్యానీ తిని పడుకుంటాం" అని ఉంది. ఆ బిర్యానీ ఎవరు చేస్తున్నారండి? మీకు వీకెండ్, ఆవిడకి ఓవర్‌టైము. ఉల్లిపాయలు మీరు కోసినా సరే అది ఆవిడ పనే అవుద్ది. బయటికెళ్ళే రోజు టిఫిను బయట, మధ్యాహ్నం పెరుగన్నం, ఆవకాయ అని ముందే తేల్చేసుకోండి. మా ఇంట్లో ఈ రూలు పెట్టాక మా ఆవిడే అయిదింటికి నన్ను లేపడం మొదలెట్టింది.

ఊరెళ్ళడం గురించి, రెండ్రోజుల్లో అమలాపురం నుంచి కడప వెళ్ళి రావడం అనేది ప్రయాణం కాదు, శిక్ష. ఇక్కడ రైలే లేదు, ముందు రాజమండ్రి దాకా పోవాలి. నెలకోసారి మానేసి రెండు నెలలకోసారి చేయండి, దానికి ముందూ వెనకా ఒక్కో లీవు కలిపి నాలుగు రోజులు ఉండి రండి. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు, ఆ రోజు పొద్దున్నే కొట్టేయండి. అమ్మానాన్నలకి కూడా అదే ఇష్టం, రాగానే బ్యాగు సర్దుకునే కొడుకు ఎవరికి కావాలి. వీలైతే ఒక్క సంక్రాంతికి వాళ్ళనే ఇటు రమ్మనండి, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూపించండి, ఊళ్ళ నుంచి వెదురుతో కట్టి రంగు బట్టలు చుట్టిన ఎత్తైన ప్రభలు భుజాల మీద మోసుకొస్తారు, గంగలకుర్రు వైపువి కౌశిక కాలవ నీళ్ళలోంచి దాటిస్తారు, ఒడ్డున నిలబడ్డవాళ్ళ అరుపులు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి.

మార్చి, సెప్టెంబరు నెలాఖర్లలో మాత్రం ఏ ప్లానూ పెట్టకండి. క్లోజింగ్ టైములో వీకెండ్ అని పాపకి మాటిచ్చి తప్పడం కంటే ముందే లేదని చెప్పడం నయం.

అలాగే నెలలో ఒక ఆదివారం ఏమీ వద్దు. నిజంగా ఏమీ వద్దు, మీరిప్పుడు శనివారం పదకొండింటిదాకా పడుకుంటున్నారే అది ఆ రోజుకి పెట్టుకోండి, తప్పేం కాదు. తేడా ఏంటంటే అది మీరు అనుకుని పడుకున్న పడక. సాయంత్రం కడుపులో తిప్పుడు గురించి అడిగారు, నాకు పనిచేసింది ఒక్కటే, అయిదింటికి ఇద్దరూ ఫోన్లు ఇంట్లో పడేసి కాలవ గట్టు మీద చీకటి పడేదాకా నడవడం. మొదటి పది నిమిషాలు బ్రాంచి గురించే మాట్లాడతారు, మాట్లాడనివ్వండి, తర్వాత అదే ఆగుద్ది.

మరి ఎక్కడ మొదలెట్టాలి అంటే, ఇప్పుడు కార్తీకం, గుళ్ళన్నీ కిటకిటలాడుతుంటాయి, అవి ఈ నెల వదిలేయండి. వచ్చే ఆదివారం అయిదున్నరకి బయల్దేరి అంబాజీపేటలో ఆగి పొట్టిక్కలు తినండి. పనసాకుల బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద వండుతారు, ఆకు వాసన ఇడ్లీకి పట్టేస్తది. అక్కణ్ణుంచి పి.గన్నవరం. అక్కడ కాటన్ కాలంలో, 1850ల్లో కట్టిన అక్విడెక్టు ఉంది, నలభై తొమ్మిది ఖానాలు, అంటే కమాన్లు. కింద వైనతేయ నది, దాని నెత్తి మీద కాలవ. ఆ పాతది అలాగే నిలబడి ఉంది, పక్కనే కొత్తది కట్టారు, నది అవతలి పొలాలకి నీళ్ళు వెళ్ళేది అలాగే. నది మీద నుంచి నీళ్ళు ఎలా నడుస్తాయి నాన్నా అని మీ పాప అడుగుద్ది, ఏం చెప్పాలో ముందే ఆలోచించుకుని వెళ్ళండి. తొమ్మిదికల్లా ఇంటికొచ్చేస్తారు. పొట్టిక్కల్లోకి చెట్నీ రెండోసారి అడగడానికి మొహమాటపడకండి, మూడోసారి వాళ్ళే వేస్తారు.